పురుగు వీరుడికి ఒళ్లు కట్టడం: కాళ్ల లెక్క మొదలు కుబుసం దాకా

శ్రీశైలంలో భ్రమరాంబ అమ్మవారి గుడి వెనక గోడకు చెవి ఆనిస్తే తుమ్మెదల ఝుంకారం వినిపిస్తుందంటారు. చిన్నప్పుడు మా అవ్వ నన్ను ఎత్తుకుని చెవి పెట్టించింది. వినబడిందా అని అడిగితే తలూపాను. ఏం విన్నానో ఇప్పుడు చెప్పలేను గానీ దారిలో ఆమె చెప్పిన కథ మాత్రం మరుపు రాలేదు. అరుణాసురుడు రెండు కాళ్ల ప్రాణి వల్లగానీ నాలుగు కాళ్ల ప్రాణి వల్లగానీ చావు రాకూడదని వరం కోరాడు. ఆరు కాళ్ల సంగతి వాడికి తట్టలేదు. అమ్మవారు తుమ్మెదల దండుగా వచ్చి వాడి పని పట్టింది.

సినిమాల్లో, వీడియో గేముల్లో, బొమ్మల కథల్లో పురుగు మనుషులను చూసి "ఇది నిజంగా ఉంటే ఎట్లా బతుకుతుంది?" అని బుర్ర గోక్కునే వాళ్లం చాలామందిమే ఉన్నాం. ఆ పనికి నాకు అరుణాసురుడి కథే కొలబద్ద. ఏ జీవిని తీసుకున్నా దానికి కొన్ని వరాలుంటాయి: గట్టి తొడుగు, ఎగిరే రెక్క, విషపు కొండి. ప్రతి వరంలోనూ ఎక్కడో ఒక లొసుగుంటుంది. ఆ లొసుగు వెతకడమే ఈ మార్గదర్శిలో చెప్పబోయే పనంతా.

ఒకే జీవిని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా పోదాం. అది మా అక్క కొడుకుది. వాడు అనంతపురంలో ఇంటర్ బైపీసీ చదువుతున్నాడు. రికార్డు పుస్తకంలో కప్ప బొమ్మ సరిగ్గా గీయడు గానీ వెనక పేజీల నిండా "రాతిమిడత" అనే వీరుణ్ణి మాత్రం గీస్తాడు. తల నుంచి పొట్ట కొస దాకా ఒకటిన్నర మీటరు. గండికోట దగ్గర పెన్నా లోయను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక్క గెంతులో దాటుతాడు. కత్తి దిగని ఒళ్లు, నెమలికంఠం రంగు. గుంపులుగా తిరుగుతాడు, తెలుగు మాట్లాడతాడు. "మామా, వీనికి సైన్సు పెట్టియ్యి" అని పుస్తకం నా ముందు పడేశాడు.

మీ దగ్గర ఒక నోటుపుస్తకం, ఒక భూతద్దం ఉంటే చాలు. వానాకాలం సాయంత్రం ఒక వీధి దీపం కింద నిలబడే ఓపిక కూడా ఉంటే మరీ మంచిది.

1. చూసింది ఒక పక్క, అనుకున్నది ఒక పక్క

పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమ పక్క తెర మీదో బొమ్మలోనో కళ్లారా చూసినవి మాత్రమే రాయండి. కుడి పక్క మనం అనుకున్నవి. "గోడ దూకాడు" అనేది చూసింది. "వీడికి వంద మంది బలం" అనేది అనుకున్నది. మన గొడవల్లో ఎక్కువ భాగం కుడి పక్క మాటను ఎడమ పక్కకు లాగడం వల్లే వస్తాయి. రాతిమిడత విషయంలో "కత్తి దిగదు" అన్నది మావాడు గీసిన ఒకే ఒక్క బొమ్మ మీద నిలబడింది. అందులో కత్తి తగిలింది రెక్క మూత మీద. పొట్ట మడతల మీద తగిలితే ఏమయ్యేదో ఆ బొమ్మ చెప్పదు. దాన్ని కుడి పక్కకు తోశాం. వాడికి కోపం వచ్చింది, అది వేరే సంగతి.

2. కాళ్లు లెక్కపెట్టండి, ఎక్కడ మొలిచాయో కూడా చూడండి

పురుగుకు కాళ్లు ఆరు, ఆరూ రొమ్ము భాగం నుంచే వస్తాయి. పొట్టకు కాళ్లుండవు. రెక్కలున్నా అవీ రొమ్ము వీపు మీదే. బొమ్మలు గీసేవాళ్లు చేసే మొదటి తప్పు నడిమి కాళ్లనో వెనక కాళ్లనో పొట్టకు అతికించడం. గొంగళి పురుగుకు పొట్ట కింద కూడా కాళ్లున్నాయి గదా అని మావాడు ఎదురు తిరిగాడు. అవి కండ ముద్దలు, పట్టు కోసం ఉన్నవి. అసలు కాళ్లు తల వెనకున్న మూడు జతలే. సీతాకోకచిలుక అయ్యాక మిగిలేవీ అవే.

ఎనిమిది కాళ్లుంటే మీ జీవి పురుగుల కులం కాదు, సాలీళ్లు, తేళ్ల వైపుది. తొలకరికి ఎర్ర మఖమలు గుడ్డ ముక్కల్లా నేల మీద పాకే ఆరుద్ర పురుగును పేరు చూసి పురుగు అనుకోకండి. పెద్దదాని కాళ్లు లెక్కపెడితే ఎనిమిది వస్తాయి. ఈ తేడా ఎందుకింత ముఖ్యమంటే, సాలీడు వైపు పోతే మీసాలు పోతాయి, రెక్కలు పోతాయి, కాలు చాపే పద్ధతే మారిపోతుంది. సాలీడు కాలును ముడవడానికి కండ ఉంది గానీ ముఖ్యమైన కీళ్ల దగ్గర చాపడానికి కండ లేదు. ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాల్లోకి తోసి చాపుతుంది, జేసీబీ చెయ్యి లేచినట్టు. చచ్చిన సాలీడు కాళ్లు ముడుచుకుని వెల్లకిలా పడి ఉండేది అందుకే: తోసే ఒత్తిడి పోయింది. మీ కథలో సాలీడు రాక్షసుడుంటే గుండెకు గురిపెట్టాల్సిన పని లేదు. ఒంట్లో పెద్ద చిల్లు పడితే చాలు, కాళ్లు చాపలేడు.

రాతిమిడతకు ముందు జత చేతులు, నడిమి జత నడక, వెనక జత గెంతు అని పంచాం.

3. తూకం వేయండి

ఇక్కడే ముక్కాలు వంతు పురుగు వీరులు నేల కూలుతారు. కాబట్టి తొందరపడకుండా చూద్దాం.

యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని మన నమ్మకం. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేంత చోటుండేదని, ఇప్పుడు లేదని పెద్దలు చెబుతారు. సరే, ఆయన అన్ని వైపులా రెట్టింపు అయ్యాడనుకోండి. పొడవు రెండింతలు, వెడల్పు రెండింతలు, ఎత్తు రెండింతలు. రాతి బరువు రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు. కూర్చుని ఉన్నాడు గనక ఫరవాలేదు. నిలబడిన నంది అయితే ఎనిమిది రెట్ల బరువును మోసే కాళ్ల అడ్డుకోత, అంటే అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం, నాలుగు రెట్లే పెరిగి ఉంటుంది. అంటే కాలి మీద చదరపు అంగుళానికి పడే భారం రెట్టింపు. కలియుగాంతంలో ఆయన లేచి రంకె వేస్తాడంటారు. దేవుడు గనక లేస్తాడు, మన మిడతకు ఆ సౌకర్యం లేదు. పెద్ద జంతువు ఎముక చిన్న జంతువు ఎముకను అలాగే పెంచినట్టు ఉండలేదని, లావు తేలాల్సిందేనని గెలీలియో 1638లోనే రాశాడు.

ఇప్పుడు కాగితం మీద చేద్దాం. ఐదు సెంటీమీటర్ల మిడత, బరువు 2 గ్రాములు, కాలి మందం 1 మిల్లీమీటరు అనుకుందాం. ఒకటిన్నర మీటరుకు పెంచాలంటే 30 రెట్లు. బరువు 30 × 30 × 30, అంటే 27,000 రెట్లు: 54 కిలోలు. కాలి మందం 30 రెట్లు పెరిగి 3 సెంటీమీటర్లు అయింది, అడ్డుకోత 900 రెట్లయింది. చిన్న మిడత కాలు మోసినంత సులువుగా ఈ కాలు మోయాలంటే అడ్డుకోత కూడా 27,000 రెట్లు కావాలి, అంటే మందం 16 సెంటీమీటర్లకు పైగా. మావాడు స్కేలు పెట్టి తన బొమ్మ మీద గీసుకున్నాడు. "మామా, ఇది మిడత గాదు, ఏనుగుపిల్ల" అన్నాడు. అంతే మరి.

అయితే ఏనుగు కాళ్లు పెట్టి తీరాలా? అక్కర్లేదు. చిన్న మిడత కాలికి అవసరానికి మించిన బలం చాలానే ఉంటుంది, కొంత ఖర్చు చేసుకోవచ్చు. కాళ్లను ఒంటి కిందికి నిటారుగా తేవచ్చు. పురుగుల్లా పక్కలకు చాపి నిలబడటం బరువున్న వాడికి దండగ. కొబ్బరి పీత అనే ఒక జీవి ఉంది, నేల మీద బతికే కీళ్ల కాళ్ల జీవుల్లో ఇప్పుడు అన్నిటికన్నా పెద్దది. అది నాలుగు కిలోల దాకా తూగుతుంది. నీళ్లలో అయితే జపాను సాలీటి పీత కాళ్లు చాపితే మూడున్నర మీటర్లు దాటుతుంది, ఎందుకంటే నీళ్లు మోస్తాయి. మన లెక్కకు ఇవే సరిహద్దు రాళ్లు. రాతిమిడతను ముప్పై కిలోలకు దించి, కాళ్లు లావు చేసి, నిటారుగా నిలబెట్టాం. నెగ్గుతాడా? కష్టమే, కానీ నవ్వులపాలు కాడు.

గెంతు సంగతి. "మిడత తన ఒంటికి ఇరవై రెట్లు దూకుతుంది, మనిషంత మిడత ముప్పై మీటర్లు దూకదా?" అనేది ప్రతివాడూ అడిగే ప్రశ్న. దూకదు. గెంతే శక్తి కండ మోతాదును బట్టి వస్తుంది, ఎత్తాల్సిన బరువూ అదే లెక్కన పెరుగుతుంది. రెండూ కొట్టేసుకుపోయి, చిన్నదైనా పెద్దదైనా ఒకే ఆకారపు జీవి ఇంచుమించు ఒకే ఎత్తు ఎగురుతుంది. గండికోట లోయ గెంతు కుడి పక్కకే కాదు, పేజీ బయటికే పోయింది. దాని బదులు రెక్క చాపి పై గట్టు నుంచి కింది గట్టుకు జారిపోవడం పెట్టాం. తిరిగి రావడం మాత్రం కాలినడకనే.

4. ఊపిరి

మనిషంత పురుగును చంపేది బరువు కన్నా ముందు ఊపిరే కావచ్చు. పురుగుకు ఊపిరితిత్తులు లేవు. ఒంటి పక్కల చిన్న చిన్న రంధ్రాలు, వాటి నుంచి లోపలికి కొమ్మలు కొమ్మలుగా చీలిపోయే గొట్టాలు, కొసలు నేరుగా కండల దాకా. రక్తం ప్రాణవాయువును మోసే పని దాదాపు పెట్టుకోదు. అందుకే పురుగును నలిపితే ఎర్ర రక్తం రాదు, పసుపో ఆకుపచ్చో నీళ్లు వస్తాయి. దోమను నలిపితే వచ్చే ఎరుపు మనదే.

గాలి దానంతటది గొట్టంలో పాకాలంటే దూరం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లవుతుంది. మన 30 రెట్ల మిడతకు 900 రెట్లు. మామూలు మిడతే పొట్టను కొట్టుకుంటూ గాలి తోలుకుంటుంది. చెట్టు మీద కూర్చున్న మిడతను ఒక నిమిషం చూస్తే పొట్ట ఆడటం కనిపిస్తుంది.

దారులు రెండు. ఒకటి, లోకాన్ని మార్చడం. సుమారు 30 కోట్ల ఏళ్ల కింద గాలిలో ప్రాణవాయువు ఇప్పటి 21 శాతం కన్నా చాలా ఎక్కువ, 30 శాతం దాటి ఉండేదని అంచనా. ఆ కాలంలోనే మెగాన్యూరా అనే తూనీగ చుట్టం రెక్కలు చాపితే 65 సెంటీమీటర్ల పైచిలుకు ఉండేది. రోకలిబండ జాతిలో ఆర్థ్రోప్లూరా రెండు మీటర్లు దాటేది. కానీ ఈ దారి పట్టేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు: అంత ప్రాణవాయువులో పచ్చి కట్టె కూడా సులువుగా అంటుకుంటుంది. వేరుశనగ కట్టె వామి పక్కన ఎవడైనా బీడీ ముట్టించాడంటే ఊరు మిగలదు. మీ లోకంలో వంట ఎట్లా చేస్తారు, కాపురాలు దేనితో కడతారు అన్నవన్నీ మారాలి. మార్చకపోతే 35 శాతం అని రాసి ప్రయోజనం లేదు.

రెండో దారి, ఒంటిని మార్చడం. తేళ్లకు, చాలా సాలీళ్లకు పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉండే ఊపిరి సంచులున్నాయి. వాటి రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉన్న పదార్థం ప్రాణవాయువును మోస్తుంది, అందుకే గాలి తగిలితే నీలంగా తేలుతుంది. మేం ఈ దారే పట్టాం. రాతిమిడత రక్తం నీలం. అన్ని ప్రాంతాల్లోకి రాయలసీమే ముందు గుర్తుపడుతుంది వీణ్ణి, ఎండాకాలం మధ్యాహ్నం పరిగెత్తలేక నీడన నిలబడి పొట్ట ఎగరేస్తూ ఉంటాడు గనక.

5. కుబుసం, లేదా వీరుడికి జ్వరం

తొడుగు పెరగదు. లోపల ఒళ్లు పెరుగుతుంది. కాబట్టి పాతది విడవాలి, కొత్తది గట్టిపడేదాకా మెత్తగా దాక్కోవాలి. దీన్ని పుస్తకంలో చదవడం కన్నా పట్టుపురుగుల షెడ్డులో చూడటం మేలు.

మా అక్కావాళ్లది ధర్మవరం పక్క పల్లె, మల్బరీ తోట ఉంది. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగు సార్లు కుబుసం విడుస్తుంది. ఆ రోజుల్లో షెడ్డులోకి పోతే అక్క గొంతు తగ్గించి "మెల్లగ రా, జ్వరానికి కూసున్యాయి" అంటుంది. అప్పటిదాకా వాన కురిసినట్టు ఆకు నమిలే చప్పుడుతో నిండిన షెడ్డు ఒక్కసారిగా మూగబోతుంది. ఆకు వేయరు, పడక ఆరడానికి సున్నం చల్లుతారు. పురుగు తల పైకెత్తి, మొక్కుతున్నట్టు, దాదాపు ఒక రోజంతా కదలదు. భూతద్దం పెట్టి చూస్తే పాత తల చిప్ప నల్లటి చిన్న ముసుగులా మూతి మీదికి జరిగి ఉంటుంది, దాని వెనక కొత్త తల, పెద్దది, పాలిపోయినది. ముసుగు రాలిపోతుంది, ఒళ్లు పాత చొక్కాలోంచి అలలు అలలుగా ముందుకు జరిగి బయటపడుతుంది. ఇంకా గమ్మత్తు, ఊపిరి గొట్టాల లోపలి పొర కూడా ఆ చొక్కాతోపాటే ఊడి వస్తుంది. మనకు ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా తోలు ఊడి బయటికి వచ్చినట్టు. గుడ్డులోంచి వచ్చిన నాటి నుంచి గూడు కట్టే నాటికి, నెలలోపే, ఆ పురుగు బరువు పదివేల రెట్లవుతుంది.

ఇది వేలెడంత పురుగు. ముప్పై కిలోల వాడు గట్టి తొడుగు విడిస్తే? ఒంటిని నిలబెట్టేదే తొడుగు. అది మెత్తగా ఉన్నంతసేపు వాడు తన బరువుకే తానే నలిగి చపాతీ అవుతాడు. పీతలు ఎంత పెద్దవైనా తప్పించుకునేది నీళ్లలో విడవడం వల్ల. కొబ్బరి పీత నేల మీదిదే గనక బొరియ తవ్వుకుని వారాల తరబడి అందులోనే ఉంటుంది, విడిచిన తొడుగునే తింటుంది, సున్నం వృథా పోకుండా.

అందుకని మన రాతిమిడతను బెలూం గుహల్లోకి పంపాం. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నవే, మూడు కిలోమీటర్లకు పైబడిన సొరంగాలు, అడుగున పాతాళగంగ. ఏడాదికొకసారి వీరులంతా ఆయుధాలు బయట పెట్టి, ఆ నీళ్లలో మెడ దాకా మునిగి, ఒకరి పక్కన ఒకరు మెత్తబడి కూర్చుంటారు. ఆ వారం రోజులు వాళ్లను ఒక చిన్నపిల్లవాడు కర్రతో కొట్టి చంపగలడు. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మామా, అప్పుడు కాపలా ఎవరుంటారు?" అన్నాడు. అప్పటిదాకా వాడి దగ్గర బొమ్మ ఉంది, ఆ ప్రశ్నతో కథ మొదలైంది.

ఇక్కడ ఒక ముడి విప్పాలి. నిజం మిడత రెక్కలు వచ్చాక మళ్లీ కుబుసం విడవదు, ఇక పెరగదు. సాలీళ్లలో కొన్నిటి ఆడవి మాత్రం పెద్దయ్యాక కూడా విడుస్తూనే ఉంటాయి. ఏది ఎంచుకున్నా దాని బాకీ తీర్చాలి. విడవడం ఆగిపోతే తొడుగు మీద పడిన గాయం చచ్చేదాకా అట్లే ఉంటుంది, తెగిన కాలు మొలవదు. విడుస్తూనే ఉంటే గాయాలు మానతాయి గానీ ప్రతి ఏటా ఆ మెత్తటి వారం తప్పదు.

కుబుసం మీద ఇంకో మాట, నా పొరపాటుది. నేను ఒకప్పుడు తేలు మనిషిని ఊహించి, చీకట్లో నీలి దీపం కింద ఎప్పుడూ మెరుస్తాడని రాసుకున్నాను. తేళ్లు అతినీలలోహిత కాంతిలో ఆకుపచ్చగా మెరుస్తాయి. దొంగనోట్లు పట్టే చిన్న టార్చి వేసినా కనిపిస్తుంది. శ్రావణ మాసం మూడో సోమవారం కోడుమూరు కొండలరాయుని గుట్టకు పోతే తేళ్లను చేత్తో పట్టి స్వామికి సమర్పించే భక్తులను చూడొచ్చు. అది వాళ్ల నమ్మకం, మీరు మాత్రం బూట్లు లేకుండా రాళ్లు కదిలించకండి, మన ఎర్ర తేలు కుడితే ప్రాణం మీదికొస్తుంది. నా పొరపాటు ఏమంటే, అప్పుడే కుబుసం విడిచిన తేలు మెరవదు. తొడుగు గట్టిపడే కొద్దీ మెరుపు వస్తుంది. అంటే టార్చి ఉన్న శత్రువు గుంపులో ఎవడు మెత్తగా ఉన్నాడో ఒక్క చూపులో పట్టేస్తాడు. తెలిసి ఉంటే ఎంత మంచి లొసుగు!

6. బిడ్డ నుంచి పెద్ద దాకా

కందిరీగ మట్టిగూడు కట్టి పురుగును తెచ్చి లోపల పెడుతుంది, కొన్నాళ్లకు గూడులోంచి కందిరీగ వస్తుంది. పురుగు కందిరీగనే తలచుకుని తలచుకుని అదే అయిపోయిందని మన పెద్దలు భ్రమరకీటక న్యాయం చెప్పారు. జరిగేది వేరు: కందిరీగ పురుగును కుట్టి కదలకుండా చేసి, దాని మీద గుడ్డు పెడుతుంది. పిల్ల బతికున్న పురుగునే తిని పెరుగుతుంది. వేదాంతం పోయినా ఊహకు ఎంత సరుకు దొరికిందో చూడండి. ఒక జాతి తమ శిష్యులు గురువులవుతారని నమ్ముతుంది, గూట్లో నిజంగా ఏం జరుగుతుందో గురువులకు తెలుసు.

మన చేలల్లో ఇంకో నమూనా ఉంది. వేరుశనగను తినే ఎర్ర గొంగళి పురుగు మట్టిలో దిగి ప్యూపాగా, అంటే రెక్కలు రాకముందు కదలని దశలో, నెలల తరబడి నిద్రపోతుంది. మంచి వాన పడితే రెక్కల పురుగులు ఒక్కసారిగా లేస్తాయి, రైతులు గట్ల మీద మంటలు వేసేది వాటి కోసమే. కరువు సీమలో పుట్టిన ఏ జాతికైనా ఇది అతికినట్టు సరిపోతుంది. వానలేని ఏడు సైన్యం లేవదు.

రాతిమిడతకు మాత్రం ప్యూపా పెట్టకండి. మిడత పిల్ల రెక్కలు లేని చిన్న మిడతలాగే ఉంటుంది, విడుపు విడుపుకీ పెద్దదవుతుంది. మావాడు "గూడులో నిద్రపోయి లేచాడు" అని రాసుకున్నది కొట్టేయించాను.

7. గుంపు

చెదలు, చీమలు, తేనెటీగలు అనగానే అందరూ ఒకే మాట అంటారు: రాణి, ఆమె కింద మగ సైనికులు. చీమల్లో సైనికులు, కూలీలు అందరూ ఆడవే. చెదల్లో ఆడామగా ఇద్దరూ ఉంటారు, రాణి పక్కన రాజు కూడా ఉంటాడు. మన ప్రాంతపు పుట్టల్లో కొన్ని జాతుల చెదలు లోపల బూజు పంట పండిస్తాయి. వానలకు ఆ పంటే గొడుగులై పైకొస్తుంది. పుట్టగొడుగు అన్న మాటలోనే ఆ సంగతంతా ఉంది. గుహలో వీరులు ఏం తింటారు అనే చిక్కు మాకు దీనితో తీరిపోయింది.

మిడతకు మాత్రం రాణి లేదు, దాని దారి ఇంకా విచిత్రం. ఎడారి మిడత ఒంటరిగా ఉన్నంతకాలం పిరికిది, తోటివాటికి దూరంగా తిరుగుతుంది. మేత ఒకేచోట కుదించుకుపోయి ఒకదానికొకటి వెనక కాళ్లు తగులుతుంటే కొన్ని గంటల్లోనే నడవడి మారి గుంపు కడుతుంది. ఆ తర్వాత రంగు మారుతుంది, తరం గడిస్తే ఆకారమూ మారుతుంది. మిడతల్లో ఇట్లాంటి రెండు రూపాలూ వేరు జాతులని చాలాకాలం అనుకున్నారు, వలస మిడత విషయంలో రెండూ ఒకటేనని ఉవరోవ్ అనే శాస్త్రజ్ఞుడు 1921లో తేల్చాడు. 2020లో ఉత్తరాది చేల మీద పడిన దండు ఎడారి మిడతదే. కాబట్టి రాతిమిడత వీరత్వం పుట్టుకతో వచ్చింది కాదు, ఇరుకులోంచి వచ్చింది. పాతాళగంగలో కాళ్లు తగిలేలా కూర్చున్న ఆ వారంలోనే వాళ్లు దండుగా మారతారు. మెత్తబడే కాలమూ రెచ్చిపోయే కాలమూ ఒకటే. ఇది నేను అనుకుని పెట్టింది కాదు, ఐదో మెట్టూ ఏడో మెట్టూ పక్కపక్కన రాస్తే దానంతటదే కనిపించింది.

8. కన్ను, చెవి, మాట

వీటిని గబగబా చూద్దాం. తూనీగ కన్నులో 30,000 దాకా చిన్న కటకాలుంటాయి, కదలిక పట్టడంలో దానికి సాటి లేదు. కానీ అదే రకం కన్నుతో మనిషంత స్పష్టంగా చూడాలంటే కన్ను ఒక మీటరు వెడల్పు కావాలి. కాబట్టి దూరం నుంచి శత్రువు ముఖం గుర్తుపట్టే పురుగు వీరుడు అబద్ధం. వాసనతో గుర్తుపట్టించండి.

పురుగు నోటికీ ఊపిరికీ సంబంధం లేదు గనక నోటితో మాట రాదు. మిడత కాలిని రెక్కకు రాసి పాడుతుంది, ఇలకోడి రెక్కకు రెక్క రాస్తుంది. ఇలకోడి చెవి ముందు కాలి మోకాటి కింద, మిడత చెవి పొట్ట మొదట్లో. ఇలకోడి కూత వేడిని బట్టి వేగం పెరుగుతుందని డాల్బేర్ అనే ఆయన 1897లో లెక్క కట్టాడు. అట్లయితే రాతిమిడతల భాష మే నెల అనంతపురంలో రేడియో వార్తల్లా పరుగెత్తుతుంది, పుష్య మాసం తెల్లవారుజామున ఒక్కో మాటకు ఒక్కో యుగం. సంధి మాటలు చలికాలంలో పెట్టుకోవద్దని మేం ఒక నియమం రాసుకున్నాం.

9. రంగు

చివరికి వదిలేయకండి అని చెబుతాను గానీ నేనూ చివరికే వదిలేశాను. మావాడికి నెమలికంఠం రంగు ఎట్లాగైనా కావాలి. దానికి మనవాళ్ల సాక్ష్యమే ఉంది. గుత్తి రైల్వే కట్టెల యార్డులో దొరికిన ఒక సాలీటికి పోకాక్ అనే ఆయన 1899లో పేరు పెట్టాడు, లోహంలా మెరిసే నీలం. తర్వాత నూరేళ్లపాటు ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. గుత్తికి రైల్లో వచ్చిన దుంగలతో పాటు వచ్చి ఉంటుందని అనుకుంటారు. ఆ నీలం రంగుపొడి కాదు. వెంట్రుకల లోపలి అతి సన్నటి కట్టడం వెలుగును విరిచి నీలం చూపిస్తుంది. రంగుపొడి ఎండకు వెలుస్తుంది, కట్టడం చెదిరేదాకా ఈ నీలం వెలవదు. అందుకే చచ్చిన వీరుడి తొడుగును కొడవలికి పిడిగా వేసుకున్నా నూరేళ్లు మెరుస్తుంది. కుబుసం విడిచినప్పుడు మాత్రం కొత్త తొడుగు ఆరి గట్టిపడేదాకా మెరుపు రాదు, పాలిపోయి ఉంటుంది. ఇది మా ఊహే, కానీ ఐదో మెట్టుకు సరిగ్గా అతుకుతుంది.

10. ఇంకొకరి చేతికివ్వండి

మీకు మీ జీవి మీద ప్రేమ. లొసుగు మీకు కనబడదు. కాబట్టి మీ కన్నా చిన్నవాళ్లకు, వీలైతే పురుగులంటే అసహ్యం ఉన్నవాళ్లకు పుస్తకం ఇచ్చి "వీణ్ణి ఎట్లా చంపుతావు?" అని అడగండి. ఒకటే ప్రశ్న. బాగుందా అని అడిగితే బాగుందంటారు, దానివల్ల ఉపయోగం లేదు.

మేం అక్కకే ఇచ్చాం. పురుగుల మధ్యే బతుకుతుంది గనక అసహ్యం లేదు గానీ కథలంటే ఓపిక తక్కువ. ఆకు తరుగుతూనే మొత్తం విన్నది. గుహ, నీళ్లు, మెత్తటి వారం, కాళ్లు తగలడం అన్నీ అయ్యాక కత్తి పక్కన పెట్టి అడిగింది: "అంతమంది ఒగేసోట నీళ్లలో కూసుంటే, ఒకనికి రోగమొస్తే అందరికీ తగలదా? మాకు ఒక్క తట్టలో సున్నపురోగం వస్తే షెడ్డంతా పాయె గదరా."

మావాడు నా వైపు చూశాడు. నేను నోటుపుస్తకంలో పదకొండు అని వేసి, పక్కన "సున్నం ఎవరు చల్లుతారు?" అని రాశాను.